చెంబు చెప్పే పాఠం

విద్యార్థులారా! ఇంట్లో చెంబు ఉంటే ఒకసారి తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. ఇత్తడిదైనా సరే, రాగిదైనా సరే, స్టీలుదైనా సరే. ఇప్పుడు ఒక ప్రశ్న. చెంబును ఎవరు కనిపెట్టారు?

టెలిఫోను కనిపెట్టిందెవరో, రేడియో కనిపెట్టిందెవరో పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. చెంబు కనిపెట్టినవారి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. అయినా దాని ఆకారాన్ని కాస్త శ్రద్ధగా చూడండి. పొట్ట గుండ్రంగా ఉంది. అదే వైశాల్యం గల రేకుతో ఏ ఆకారం చేసినా గోళం పట్టినంత నీరు పట్టదు. కాబట్టి తక్కువ లోహంతో ఎక్కువ నీరు! మెడ సన్నగా ఉంది. అందుకే మోసుకెళ్ళేటప్పుడు నీరు చిందదు, చేతికి పట్టు దొరుకుతుంది. అంచు బయటికి వంగి ఉంది. బావిలోకి దించేటప్పుడు మెడకు కట్టిన తాడు జారిపోకుండా ఆ అంచు ఆపుతుంది, వంచినప్పుడు నీటిని ధారగా పోస్తుంది. మూలలు లేవు గనుక చింతపండు పెట్టి తోమితే మురికి ఎక్కడా మిగలదు. పాతబడితే కంచరి కరిగించి మళ్ళీ చెంబే చేస్తాడు. పారవేయవలసింది ఏమీ లేదు!

1958లో మన ప్రభుత్వ ఆహ్వానం మీద చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు మన దేశానికి వచ్చారు. కుర్చీలు మొదలు భవనాల వరకు ఎన్నో వస్తువులకు రూపం ఇచ్చిన నిపుణులు వారు. వస్తువులను రూపొందించడం మన యువతకు ఎలా నేర్పాలి అన్నది వారి ముందున్న ప్రశ్న. వారు దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు. అందులో అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్న వస్తువు ఏమిటో తెలుసా? మన చెంబే! ఏ ఒక్కరో కూర్చుని గీసిన బొమ్మ కాదది. తరతరాల మనుషులు వాడి, లోపం చూసి, కొంచెం కొంచెం దిద్దుకుంటూ వచ్చిన రూపం. ఆ నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. అటువంటి సంస్థ 2015లో మన ఆంధ్రప్రదేశ్‌లోనూ మొదలైంది.

రూపకల్పన అంటే ఏమిటి?

డిజైన్ అనగానే మనకు చీర అంచు, గోడ మీది పువ్వు, పుస్తకం అట్ట గుర్తుకు వస్తాయి. అవి అలంకారాలు. రూపకల్పన అంతకంటే పెద్ద మాట. ఒక అవసరాన్ని గుర్తించడం, అది ఎవరి అవసరమో తెలుసుకోవడం, దగ్గర దొరికే వస్తువులతో దానిని తీర్చే ఉపాయం ఆలోచించడం, చేసి చూడడం, తప్పిన చోట దిద్దడం - ఇవన్నీ కలిస్తేనే రూపకల్పన.

దీనికీ విజ్ఞానశాస్త్రానికీ తేడా ఏమిటి? "ఇది ఇలా ఎందుకు జరుగుతోంది?" అని శాస్త్రం అడుగుతుంది. "ఇది ఇంకా మేలుగా జరగాలంటే ఏం చేయాలి?" అని రూపకల్పన అడుగుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు తెలియనివారు రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేరు. అందుకని ఈ రెండూ జోడెడ్ల వంటివి.

ఇక్కడ మరొక మాట కూడా తెలుసుకోవాలి. అది సుస్థిరాభివృద్ధి. మన అవసరాలు మనం తీర్చుకోవాలి, కానీ మన తర్వాత పుట్టబోయేవారు తమ అవసరాలు తీర్చుకునే దారి మూసేయకూడదు. 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘం ఒకటి తన నివేదికలో ఈ భావాన్ని ప్రపంచానికి వివరించింది. మాట కొత్తది కావచ్చు. సంగతి మాత్రం మన పల్లెలకు కొత్తది కాదు. దీనికి ఉదాహరణలు చూడడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వెళ్దాం రండి.

నది లేని నేలలో

ఈ మూడు ఊళ్ళూ ఒకప్పటి చిత్తూరు జిల్లా పడమటి మండలాలలోనివి. సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి ఇది. ఎటు చూసినా నల్లరాతి గుట్టలు. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. వాన పడితే నీరు గుట్టల మీదినుంచి గబగబా దిగి వెళ్ళిపోతుంది. అటువంటి చోట మనుషులు ఎలా బతికారు? చెరువులు కట్టుకుని బతికారు.

చెరువు కూడా ఒక రూపకల్పనే. పల్లానికి అడ్డంగా మట్టికట్ట, అలల తాకిడికి కట్ట కోసుకుపోకుండా లోపలివైపు రాతి పేర్పు, పొలానికి నీరు వదిలే తూము, ఎక్కువైన నీరు కట్టను తెంచకుండా పక్కనుంచి పోయే మరవ - ఇవన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. పైచెరువు మరవ పారితే ఆ నీరు కిందిచెరువుకు చేరుతుంది. ఇలా గొలుసుగా కట్టిన చెరువులను గొలుసుకట్టు చెరువులు అంటారు. ఎండాకాలంలో చెరువు ఎండితే అడుగున చేరిన ఒండ్రును తవ్వి పొలాలకు తోలేవారు. చెరువు లోతూ మిగిలేది, పొలానికి ఎరువూ దొరికేది.

అయితే కట్టా, తూమూ ఉంటే సరిపోతుందా? ఎవరి మడికి ఎంత నీరు, ఎప్పుడు అన్నది తేలకపోతే గొడవలే కదా! అందుకని నీరు పంచడానికి ఊరు కొందరిని నియమించుకునేది. వారిని నీరుగట్టువారు అనేవారు. మదనపల్లెను ఆనుకుని పట్టుచీరల మగ్గాలకు పేరుపొందిన నీరుగట్టువారిపల్లె ఉంది. ఆ పేరులో పాత నీటి ఏర్పాటు ఇంకా వినిపిస్తోంది చూడండి! వస్తువునే కాదు, దానిని నడిపే మనుషుల ఏర్పాటును కూడా ఆలోచించడం రూపకల్పనలో సగం పని. ఆ ఏర్పాటు చెడిన చోట కట్ట నిలిచినా చెరువు నిలవలేదు. కాలువలు పూడిపోయాయి, కంపచెట్లు మొలిచాయి.

మరొక ఉదాహరణ పుంగనూరు ఆవు. ప్రపంచంలోని పొట్టి పశుజాతులలో ఇది ఒకటి. ఎత్తు ఒక మీటరుకు కాస్త అటూ ఇటూ. కొద్దిపాటి ఎండుమేతతో కరువును తట్టుకుంటుంది. పాలు తక్కువే ఇస్తుంది గాని వెన్న ఎక్కువ. దీన్ని ఎవరూ కాగితం మీద గీయలేదు. మేత తక్కువ ఉన్న నేలలో తట్టుకు నిలిచిన ఆవులనే రైతులు తరతరాలుగా ఎంచి పెంచుకుంటూ వచ్చారు. ఎక్కువ పాలిచ్చే సంకర జాతులు వచ్చాక ఇది దాదాపు కనుమరుగయ్యే స్థితికి చేరింది. పలమనేరు పశుపరిశోధనా కేంద్రంలో దీన్ని కాపాడే ప్రయత్నాలు సాగాయి. ఒక చోట అక్కరకు వచ్చిన రూపం కాలం మారితే వెనకబడవచ్చు. కానీ కరువు మళ్ళీ వచ్చిననాడు ఆ గుణాలు కావాలంటే, అప్పటికి ఆ జాతి మిగిలి ఉండాలి కదా!

చేతికి దూరమైన చదువు

పాతకాలపు కంచరి, కుమ్మరి, నేతగాడు, చెరువు కట్టిన ఒడ్డెరవాడు - వీరందరూ రూపకర్తలే. కానీ వీరి విద్య బడిలోకి రాలేదు. బడిలో చెప్పే చదువు వీరి చేతుల్లోకి వెళ్ళలేదు. ఈ అగాధాన్ని పూడ్చాలని కొందరు పెద్దలు ప్రయత్నించారు. రవీంద్రనాథ్ టాగూర్ 1922లో శాంతినికేతనం పక్కన శ్రీనికేతనాన్ని ప్రారంభించి వ్యవసాయం, చేతిపనులు, గ్రామసేవ చదువులో భాగం చేశారు. ఆయన అంతకు మూడేళ్ళ ముందు, 1919లో మదనపల్లెకు వచ్చి కొన్ని రోజులు గడిపారు కూడా. గాంధీజీ 1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో నయీ తాలీం పద్ధతిని దేశం ముందు ఉంచారు. ఏదో ఒక చేతిపని కేంద్రంగా మిగతా పాఠాలన్నీ నేర్పాలని దాని సారాంశం.

మరి ఇప్పుడు ఈ పడమటి మండలాలలో ఏం జరుగుతోంది? రెండు చోట్ల సంగతి చెబుతాను.

ఒక గది, ఒక పంతులు, ఐదు తరగతులు

మదనపల్లెకు కొద్ది దూరంలో కొండల నడుమ రిషీవ్యాలీ అనే లోయ ఉంది. మదనపల్లెలోనే పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో అక్కడ ఒక పాఠశాల వెలిసింది. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ లోయలో చెట్లు నాటి, వాననీరు భూమిలోకి ఇంకేలా కట్టలు వేసి దానిని పచ్చబరిచారు. 1991లో ఆ లోయ పక్షుల రక్షిత ప్రాంతం కూడా అయింది.

లోయ చుట్టుపక్కల పల్లెలలో చిన్న చిన్న బడులు నడపడం రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చేపట్టిన పని. 1980ల చివరినుంచి పద్మనాభరావు, రమ దంపతులు ఈ పనికి రూపం ఇచ్చారు. వారికి ఎదురైన చిక్కు ఏమిటో ఊహించండి. బడికి ఒకటే గది. పంతులు ఒక్కరే. ఒకటో తరగతినుంచి ఐదో తరగతి వరకు పిల్లలందరూ అక్కడే. ఒక పిల్ల వేరుశనగ కోతలకు వెళ్ళి పదిహేను రోజులు రాదు. మరొక పిల్లవాడు మేకలు తోలుకుపోయి వారం రోజులు రాడు. తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడో ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. వాడికి అర్థం కాదు. కొన్నాళ్ళకు బడి మానేస్తాడు.

తప్పు ఎవరిది? పిల్లవాడిదా? పంతులుదా? ఇద్దరిదీ కాదు. పాఠ్యపుస్తకం రూపంలోనే ఉంది తప్పు! అందరూ ఒకే రోజు ఒకే పాఠంలో ఉంటారని ఊహించి రాసిన పుస్తకమది. తరగతికొక పంతులున్న పట్నపు బడికి అది సరిపోతుంది. ఈ బడికి సరిపోదు.

అందుకని వారు ఏం చేశారంటే, పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క కార్డు. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, ఒక సంఖ్య. గోడ మీద నిచ్చెన లాంటి పటం. ఆ పటం చూసుకుని తానెక్కడున్నదీ, తర్వాత ఏ కార్డు తీయవలసిందీ పిల్లలు ఎవరికి వారే తెలుసుకోగలరు. కొన్ని కార్డులకు పంతులు సాయం కావాలి. కొన్నిటికి తోటి పిల్లల సాయం చాలు. కొన్ని తామే చేసుకోవచ్చు. గుంపులన్నీ ఒకే గదిలో పని చేస్తుంటే, అవసరమున్న గుంపు దగ్గర పంతులు కూర్చోగలుగుతారు. కోతలనుంచి తిరిగి వచ్చిన పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందో అక్కడినుంచే మళ్ళీ ఎక్కుతుంది!

కార్డులలో ఆ పల్లెల కథలు, పాటలు, అక్కడి చెట్లు చేమలు చోటు చేసుకున్నాయి. పల్లెల పంతుళ్ళే వాటిని వాడి చూసి, పని చేయనివి మార్చారు. ఈ సామగ్రినంతా ఒక పెట్టెలో అమర్చారు. కాబట్టి దీనికి 'పెట్టెలో బడి' అని పేరు వచ్చింది. తల్లిదండ్రులను బడికి రప్పించడానికి 'మెట్రిక్ మేళా' అనే సంత ఏర్పాటు చేశారు. పిల్లలే అంగళ్ళు పెట్టి తూకాలు తూస్తారు, పొడవులు కొలుస్తారు, చిల్లర లెక్క కడతారు. కొనేది అమ్మానాన్నలు!

ఈ పద్ధతిని చూసి వెళ్ళినవారు 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడులలో ప్రవేశపెట్టారు. కొద్ది ఏళ్ళలోనే అది తమిళనాడు అంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు పాకింది. మదనపల్లె దగ్గరి పల్లెబడి కోసం పుట్టిన రూపం ఎంత దూరం వెళ్ళిందో చూశారా! ఆ పల్లె ఇబ్బందిని సరిగ్గా గుర్తించబట్టే, అటువంటి ఇబ్బందే ఉన్న మిగతా ఊళ్ళకూ అది పనికి వచ్చింది.

కుప్పం గుట్టల మీద

ఇక కుప్పం. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు మూడూ కలిసే చోటు. అక్కడికి దగ్గరలో గుడివంక అనే చోట 172 ఎకరాల ఆవరణ ఉంది. 1999లో మొదలైన అగస్త్య అంతర్జాతీయ సంస్థ దానిని విజ్ఞాన కేంద్రంగా తీర్చిదిద్దింది. బీడుపడిన గుట్టలు చెట్లతో నిండాయి. చుట్టుపక్కల ప్రభుత్వ బడుల పిల్లలు అక్కడికి వచ్చి ప్రయోగాలు తమ చేతులతో చేసి చూస్తారు.

అక్కడికి రాలేని పిల్లల సంగతేమిటి? వారి దగ్గరికే ప్రయోగశాల వెళుతుంది! పరికరాలు నింపుకున్న వ్యాను ఊరూరూ తిరుగుతుంది. వ్యాను వెళ్ళలేని దారుల్లో మోటారుసైకిలు మీద పెట్టె వెళుతుంది. ఆ పెట్టెలోని పరికరాలు ఎలా ఉండాలో ఆలోచించండి. బరువు తక్కువగా ఉండాలి. గతుకుల రోడ్డులో పగలకూడదు. పోతే పక్క అంగట్లో దొరకాలి. గాజు పాత్ర కంటే ప్లాస్టిక్ సీసా మేలు అన్నమాట. విజ్ఞాన ప్రదర్శనలలో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు ప్రయోగాలు వివరిస్తారు. ఇతరులకు వివరించి చెప్పగలిగిననాడే మనకు నిజంగా అర్థమైనట్టు కదా!

కుప్పంలోనే మరొక ప్రయత్నం జరిగింది. 2002లో హ్యూలెట్-పాకార్డ్ అనే కంప్యూటర్ల కంపెనీ అక్కడ ఒక పథకం మొదలుపెట్టింది. గుర్తింపు కార్డుకు ఫొటో కావాలంటే పల్లెవారు ఒక రోజు కూలి వదులుకుని పట్నానికి వెళ్ళవలసి వచ్చేది. అందుకని పొదుపు సంఘాల మహిళలు కొందరికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు ఇచ్చారు. కరెంటు లేని చోట ఎలా? ఎండతో చార్జి అయ్యే ఏర్పాటు చేశారు. ఆ మహిళలు ఊళ్ళలో తిరిగి ఫొటోలు తీసి అక్కడికక్కడే ఇచ్చి సంపాదించుకున్నారు. ఆ పథకం కొన్నేళ్ళలోనే ముగిసింది. నేడు ఇంటింటా ఫోను కెమెరాలు వచ్చాయి. అవసరం మారితే రూపమూ మారాలి. బయటివారు తెచ్చిన వస్తువు వారితోనే వెళ్ళిపోవచ్చు. దానిని చేయడం, దిద్దడం నేర్చుకుంటే మాత్రం ఆ విద్య ఊళ్ళోనే మిగులుతుంది.

అమ్మ భుజం నొప్పి

అలా ఊళ్ళోనే పుట్టిన ఒక యంత్రం కథ వినండి. ఇది తెలంగాణలోని ఆలేరు ప్రాంతానిది. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు నూలును కొయ్య చీలల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు! ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవారిదే. చింతకింది మల్లేశం అనే యువకుడు తన తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడడం చూశాడు. ఆయన చదువు ఆరో తరగతితోనే ఆగిపోయింది. అయినా ఆ చేతి కదలికను యంత్రంతో చేయించలేమా అని ఆలోచించాడు.

1992లో మొదలుపెట్టాడు. ఒక భాగం కుదిరితే మరొకటి కుదరలేదు. డబ్బు అయిపోయింది. పని కోసం హైదరాబాదు వెళ్ళాడు. అక్కడ ఒక కర్మాగారంలో తిరిగే యంత్రం కదలిక చూసి తనకు కావలసిన ఉపాయం పట్టుకున్నాడు. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. దానికి తల్లి పేరుతో 'లక్ష్మీ ఆసు యంత్రం' అని పేరు పెట్టాడు. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇందులో మనం గమనించవలసింది ఏమిటి? అందరూ ఆ నొప్పిని చూశారు. అది మామూలే అనుకున్నారు. ఒక్కడు మాత్రం దాన్ని ప్రశ్నగా మార్చాడు. అక్కడే రూపకల్పన మొదలవుతుంది.

టమాటా లెక్క

ఇప్పుడు మన వంతు. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. 2023 జూలై చివర అక్కడ మేలురకం టమాటా కిలో 200 రూపాయలకు చేరువైంది. సెప్టెంబరు నాటికి ధర పది రూపాయల దగ్గరికి పడిపోయింది. ధర పడినప్పుడు కోత కూలి, బండి బాడుగ కూడా రావు. రైతు పంటను పొలంలోనే వదిలేస్తాడు, లేదా రోడ్డు పక్కన పారబోస్తాడు. ఆ దృశ్యం చూసిన పిల్లలు మీలోనే ఉండవచ్చు. అది మీ ఇంటి పంటే అయి ఉండవచ్చు.

టమాటాను ఎండబెట్టి దాచుకోలేమా? ఆలోచిద్దాం. టమాటాలో నూటికి సుమారు 94 వంతులు నీరే. ఆ నీరే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు ఆధారం. నీరు పోతే అవి పెరగలేవు. నీటిని పంపడానికి ఎండ ఉంది. ఒక పెట్టె చేద్దాం.

మొదటి ప్రయత్నం: చెక్కపెట్టెకు లోపల నల్లరంగు పూసి, ముక్కలు పరచి, పైన గాజుపలక మూశాం. పెట్టె వేడెక్కింది. కానీ గాజు లోపలివైపు నీటి బొట్లు పట్టాయి, ముక్కలకు బూజు వచ్చింది. ఎందుకు? ఆవిరి పోయే దారి లేదు. లోపలి గాలి తేమతో నిండిపోతే బాష్పీభవనం ఆగిపోతుంది.

రెండో ప్రయత్నం: రెండు పక్కలా ఒకే ఎత్తున రంధ్రాలు పెట్టాం. కొంత మేలు. కానీ గాలి వీచినప్పుడే పని జరిగింది.

మూడో ప్రయత్నం: ఒక రంధ్రం అడుగున, మరొకటి పైన పెట్టి, పైదానికి నల్లరంగు పూసిన గొట్టం బిగించాం. వేడి గాలి తేలిక గనుక గొట్టంలోనుంచి పైకి పోతుంది. దాని చోటు నింపడానికి కిందినుంచి పొడిగాలి వస్తుంది. దీనినే సంవహనం అంటారు. ఇప్పుడు గాలి కోసం ఎదురు చూడనక్కరలేదు. రంధ్రాలకు దోమతెర గుడ్డ కడితే ఈగలు రావు.

ఇంతటితో అయిందా? లెక్క వేద్దాం. మంచి ఎండ ఉన్న రోజు ఒక చదరపు మీటరు మీద పడే శక్తి సుమారు 18,000 కిలోజౌళ్ళు. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళు కావాలి. అంటే ఏమీ వృథా కాకపోతే ఏడున్నర కిలోల నీరు పోవాలి. కానీ మన పెట్టె అందులో నాలుగో వంతు మాత్రమే వాడుకోగలదు అనుకుందాం. అప్పుడు రోజుకు సుమారు రెండు కిలోల నీరు పోతుంది. అంటే సుమారు రెండు కిలోల టమాటా ఎండుతుంది. పాతిక కిలోల పెట్టె ఒక్కటి ఎండబెట్టాలంటే పన్నెండు చదరపు మీటర్లకు పైగా కావాలి!

లెక్క నిరాశ కలిగించిందా? కలిగించకూడదు. లెక్క ఇప్పుడొక ముఖ్యమైన సంగతి చెప్పింది. ఈ పెట్టె రైతు పంటనంతా కాపాడలేదు. కానీ ఒక ఇంటికి ఏడాది పొడవునా కూరకు కావలసిన ముక్కలు ఇవ్వగలదు. పది ఇళ్ళవారు కలిస్తే పెద్దది కట్టుకోవచ్చు. అప్పుడు కొత్త ప్రశ్నలు వస్తాయి. ముక్కలు ఎవరు కోస్తారు? ఆ పని మళ్ళీ అమ్మ నెత్తినే పడుతుందా? శుభ్రం చేయడానికి చేయి అందుతుందా? ఎండినవి ఎవరు కొంటారు? వానాకాలంలో ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు భౌతికశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు. ఊరివారితో కూర్చుని మాట్లాడాలి. నీరుగట్టువారిని మరచిన చెరువు ఏమయిందో గుర్తుంది కదా!

ఎవరి కోసం చదువు?

చదువుకుంటే ఊరు విడిచి వెళ్ళాలని మనలో చాలామంది అనుకుంటారు. వెళ్ళడం తప్పు కాదు. కానీ ఊరి ఇబ్బందులు చదువుకున్నవారికి కనబడకుండా పోతే, వాటిని తీర్చేదెవరు? పుస్తకంలోని సంవహనం పరీక్ష రాసిన మరునాడే మరచిపోయేదైతే దానివల్ల ఏం లాభం? అదే సంవహనం మన మిద్దె మీది పెట్టెలో పనిచేస్తుంటే, అది మనదవుతుంది.

రూపకల్పన నేర్చుకోవడానికి పెద్ద కళాశాలకు వెళ్ళేదాకా ఆగనక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, చూసే కళ్ళు, అడిగే నోరు, తప్పు చేయడానికి భయపడని చేతులు ఉంటే చాలు. చెంబు చేసినవారికి ఇంతకంటే ఎక్కువ ఏమీ లేదు.

మీరే చేసి చూడండి

1. మీ ఇంట్లో పాతకాలపు వస్తువు ఒకటి తీసుకోండి: చేట, రోలు, విసనకర్ర, ఉట్టి ఏదైనా సరే. దాని ప్రతి భాగం ఎందుకు ఆ ఆకారంలో ఉందో రాయండి. మీ అవ్వను, తాతను అడగండి.

2. వారం రోజులు ఇంట్లోవారు చేసే పనులు గమనించండి. ఏ పనిలో ఎక్కువసార్లు వంగుతున్నారు? ఏ బరువు ఎక్కువసార్లు మోస్తున్నారు? లెక్కపెట్టి పట్టిక వేయండి. అందులో ఒక్క పనిని తేలిక చేసే ఉపాయం గీయండి. ఆ పని చేసేవారికే చూపించి, వారు చెప్పిన తప్పులు దిద్దండి.

3. రెండు కిలోల టమాటా కొన్ని సన్నని ముక్కలుగా, కొన్ని సగాలుగా కోసి ఎండబెట్టండి. ఏవి ముందు ఎండాయి? ఉపరితల వైశాల్యానికీ దీనికీ సంబంధం ఏమిటి? ఎండిన తర్వాత బరువు తూచి, ఎంత నీరు పోయిందో లెక్కకట్టండి.

4. మీ ఊరి చెరువు దగ్గరికి పెద్దవారితో కలిసి వెళ్ళి కట్ట, తూము, మరవ ఎక్కడున్నాయో పటం గీయండి. నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో బాణాలతో చూపండి. ఏ దారి పూడిపోయిందో గుర్తించండి. ఆ పటాన్ని మీ బడి గోడ మీద అంటించండి. దాన్ని చూసి ఊళ్ళో ఎవరైనా ఆగి ప్రశ్న అడిగితే, మీ పాఠం మొదలైనట్టే.